జాబితాను చదవడం, జాబితాను మార్చడం

(హనుమకొండలో ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసవాళ్లకు వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువుంది. వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతా.

ఈరోజు మాట్లాడేది చిన్న విషయం. ఒక జాబితా ఉంది. అందులో ఉన్నది చదవాలి, అవసరమైతే మార్చాలి. ఇంతేనా అని కొందరు నవ్వుతున్నారు. ఫోన్ తీసి చూడండి. మెసేజ్‌లు జాబితా, కాంటాక్టులు జాబితా, బ్యాంకు లావాదేవీలు జాబితా. రేపు మీరు ఏ కంపెనీలో చేరినా మొదట్లో చేతికొచ్చే పనుల్లో ఒక జాబితా తప్పకుండా ఉంటుంది. దాన్ని తెర మీద చూపించడం అందరూ పది నిమిషాల్లో చేస్తారు. యూజర్ ఒక అంకె మార్చాక ఏమవుతుంది? అక్కడే టెన్షన్ మొదలవుతుంది. కాబట్టి చూపించడం గురించి తక్కువ చెప్తాను, మార్చడం గురించి ఎక్కువ చెప్తాను.

క్యూట్, క్యూఎంఎల్ మీద పని చేసినవాళ్లు ఎంతమంది? నలుగురు... ఐదుగురు. సరే, మిగతావాళ్ల కోసం రెండు మాటలు. క్యూట్ అంటే యాప్‌ల తెరలు తయారు చేసుకోవడానికి వాడే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ, నార్వేలో పుట్టింది. 2010లో క్యూట్ 4.7తో పాటు ఆ తెరలను రాసే క్యూఎంఎల్ అనే భాష వచ్చింది. క్యూట్ 6 వచ్చింది 2020 డిసెంబర్‌లో. కార్ల డాష్‌బోర్డుల్లో, వైద్య పరికరాల తెరల మీద, లైనక్స్‌లో కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో ఇదే నడుస్తుంది. చరిత్ర ఇక్కడితో చాలు.

క్యూఎంఎల్ డిక్లరేటివ్ భాష. అంటే ఏంటి? "ఈ అక్షరాలు ఆ రేటును చూపించాలి" అని మీరు ఒక్కసారి చెప్తారు. రేటు మారినప్పుడల్లా అక్షరాలు వాటంతటవే మారతాయి. మీరు వెళ్లి మార్చరు. ఆ సంబంధాన్నే బైండింగ్ అంటాం. ఈ మాట గుర్తుంచుకోండి. ఈరోజు మనం చూసే తప్పుల్లో ఒకటి ఈ బైండింగ్‌ను తెలియక తెంపేయడమే.

ఉదాహరణకు పుస్తకాల్లో పండ్ల జాబితా ఇస్తారు, యాపిల్, ఆరెంజ్, అరటి. మనం ఆ పండ్ల దగ్గరికి వెళ్లొద్దు. మన ఊళ్లోనే ఎనుమాముల మార్కెట్ ఉంది కదా, మిర్చి యార్డుకు పోదాం. ఇక్కడ ఎంతమంది ఇళ్లల్లో మిర్చి పండిస్తారు? చూశారా, క్యూట్ తెలిసినవాళ్ల కంటే మిర్చి తెలిసినవాళ్లే ఎక్కువ.

యార్డులో ఒక అడ్తి దుకాణం, అంటే కమీషన్ ఏజెంట్ దుకాణం ఉందనుకుందాం. రైతులు బస్తాలు దించుతారు. ఒక్కో రైతు సరుకు ఒక్కో లాట్. తేజ, వండర్ హాట్, చపాట, ఇలా రకం రాసుకుంటారు. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం అవుతుంది. జెండా పాట ధర అందరికీ రాదు, మీకు తెలిసిందే. సరుకు చూసి, తేమ చూసి ఒక్కో లాట్‌కు ఒక్కో రేటు పెడతారు. తర్వాత కాంటా, అంటే తూకం. ఆ తర్వాత తక్‌పట్టీ, రైతుకిచ్చే లెక్కల చీటీ. ఇప్పుడు ఇది ప్రోగ్రామర్‌గా చూడండి. లాట్ రాసుకున్నప్పుడు రైతు పేరు ఉంది, రకం ఉంది, బస్తాల లెక్క ఉంది. రేటు లేదు. తూకం లేదు. రేటు కాసేపటికి వస్తుంది, తూకం ఇంకాసేపటికి వస్తుంది. అంటే ఈ జాబితా పొద్దంతా మారుతూనే ఉంటుంది. అందుకే ఈ ఉదాహరణ తీసుకున్నా.

క్యూఎంఎల్‌లో దీన్ని పెట్టుకునే డబ్బా పేరు లిస్ట్‌మోడల్. అందులో ఒక్కో లాట్ ఒక లిస్ట్‌ఎలిమెంట్. లాట్‌లో ఉండే రైతు, రకం, బస్తాలు, రేటు, తూకం, వీటిని రోల్స్ అంటారు. రోల్ పేరు చిన్న ఇంగ్లిష్ అక్షరంతో మొదలవ్వాలి. లిస్ట్‌ఎలిమెంట్‌లో రాసే విలువలు స్థిరంగా ఉండాలి. అంకె, స్ట్రింగ్ అంటే కోట్స్‌లో రాసే అక్షరాలు, అవును–కాదు, ఇలాంటివే. అక్కడ "తూకం ఇంటూ రేటు" అని లెక్క రాస్తే కుదరదు.

ఇంకో నియమం ఉంది. దీని దగ్గర కొంచెం ఆగుదాం. ఒక రోల్‌లో మొదటిసారి ఏ రకం విలువ పెడితే, ఆ రోల్ రకం అదే అయిపోతుంది. ఇప్పుడు చెప్పండి, లాట్ రాసుకున్నప్పుడు రేటు ఇంకా తెలియదు. మీరైతే రేటు దగ్గర ఏం పెడతారు? ఎవరు... ఖాళీ కోట్స్. అవును, చాలామంది అదే పెడతారు. ఖాళీగా ఉంది కాబట్టి ఖాళీ స్ట్రింగ్. తర్వాత 14,000 అని రేటు వచ్చింది, అంకెగా రాశారు. ఏమవుతుంది? రేటు మారదు. ఉన్న రోల్‌కు వేరే రకం విలువ పెట్టలేను అని కన్సోల్‌లో, అంటే ప్రోగ్రామ్ సందేశాలు పడే చోట, ఒక వార్నింగ్ వస్తుంది. ఆ కన్సోల్ ఎవరు చూస్తారు? తెర చూస్తారు, ఖాళీగా ఉంటుంది, బటన్ పని చేయట్లేదనుకుని బటన్‌తో కుస్తీ పడతారు.

మరి ఏం చేయాలి? సున్నా పెట్టండి. తెర మీద చూపించేటప్పుడు సున్నా ఉంటే గీత చూపించు, లేకపోతే రేటు చూపించు అని రాయండి. "డైనమిక్ రోల్స్ అని ఒకటుంది కదా సార్" అంటారేమో. ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఏ రోల్‌లో ఏ రకమైనా పెట్టుకోవచ్చు. కానీ మామూలు దానికంటే నాలుగు నుంచి ఆరు రెట్లు నెమ్మది అని క్యూట్ వాళ్ల డాక్యుమెంటేషనే చెప్తుంది. సున్నాతో పోయేదానికి అంత ఖర్చెందుకు?

ఇక చూపించడం. జాబితాను తెర మీద చూపించేది లిస్ట్‌వ్యూ. దానికి మోడల్ ఇస్తాం, డెలిగేట్ ఇస్తాం. డెలిగేట్ అంటే ఒక వరుస ఎలా కనబడాలో చెప్పే నమూనా. లిస్ట్‌వ్యూ దాన్ని చూసి వరుసలు తయారు చేస్తుంది. డెలిగేట్ లోపల రోల్ పేరు నేరుగా వాడొచ్చు, లేదా మోడల్ డాట్ రేటు అనొచ్చు. ప్రాపర్టీ అంటే ఒక వస్తువుకు పేరు పెట్టి తగిలించిన విలువ. క్యూట్ 5.15 నుంచి "రిక్వయిర్డ్ ప్రాపర్టీ" అని ముందే ప్రకటించుకునే పద్ధతి వచ్చింది. నాకు అదే ఇష్టం, ఏ వరుసకు ఏం కావాలో చూడగానే తెలుస్తుంది. ఒక్క మెలిక ఉంది. రిక్వయిర్డ్ అని ఒక్కటి రాసినా, మిగతావి ఊరికే రావు. ఇండెక్స్, అంటే ఎన్నో వరుసో చెప్పే అంకె కావాలంటే ఇండెక్స్‌ను కూడా రిక్వయిర్డ్‌గా రాయాలి, మోడల్ కావాలంటే మోడల్‌ను కూడా. నిన్నటిదాకా పనిచేసిన ఇండెక్స్ ఇవాళ లేదంటోందని కంగారు పడేది ఇక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. లాట్లు 300 ఉన్నాయి. లిస్ట్‌వ్యూ ఎన్ని వరుసలు తయారు చేస్తుంది? 300 అన్నవాళ్లు చేతులు దించండి. తెర మీద పట్టేవి, వాటికి అటూ ఇటూ కొన్ని. అంతే. పైకి జరిగిపోయిన వరుసను తీసేస్తుంది, కింద కొత్తది తయారు చేస్తుంది. మీరు వెనక్కి స్క్రోల్ చేస్తే పాతది తిరిగి రాదు, మళ్లీ కొత్తది పుడుతుంది.

దీని వల్ల ఏం జరుగుతుందో చూడండి. కాంటా అయిన లాట్‌కు టిక్ పెట్టుకునే సౌకర్యం ఇచ్చారు. ఆ టిక్‌ను డెలిగేట్ లోపల ఒక ప్రాపర్టీలో దాచారు. దుకాణంలో లెక్కలు రాసే మునీమ్ మూడో లాట్‌కు టిక్ పెట్టి, కింద 80వ లాట్ చూసి, మళ్లీ పైకి వచ్చాడు. టిక్ లేదు. "ఏంది తమ్మీ, ఇప్పుడే గదా నేను పెట్టింది, యాడికి పోయింది?" అని అడుగుతాడు. ఎక్కడికీ పోలేదు, ఆ వరుసతో పాటే చచ్చిపోయింది. దీనికంటే ఘోరం ఇంకోటుంది. వరుసలను పారేయకుండా మళ్లీ వాడుకోవడానికి రీయూజ్‌ఐటమ్స్ అని ఒక సెట్టింగ్ ఉంది, లిస్ట్‌వ్యూకు 5.15లో వచ్చింది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. వేగం కోసం మీరు ఆన్ చేశారనుకోండి, డెలిగేట్ లోపల దాచుకున్న టిక్ ఇంకో రైతు లాట్ మీద ప్రత్యక్షమవుతుంది. కాంటా కాని సరుకుకు కాంటా అయినట్టు! టిక్ పోతే మళ్లీ పెట్టుకుంటాడు. వేరేవాళ్ల మీద పడితే రైతుకు, అడ్తిదారుకు గొడవ.

కాబట్టి టిక్ కూడా ఒక రోల్ కావాలి. "కాంటా అయింది" అని ఒక రోల్, మొదట ఫాల్స్. యూజర్ మార్చగలిగింది ఏదైనా సరే, మోడల్‌లోకే పోవాలి. అద్దంలో చూసుకుంటే బొట్టు వంకరగా ఉంది, అప్పుడు అద్దాన్ని తుడుస్తామా? నుదుటి మీద సరిచేసుకుంటాం, అద్దం దాని పని అది చేస్తుంది. డెలిగేట్ అద్దం.

ఇప్పుడు బయటి నుంచి చదవడం చూద్దాం. కింద "తక్‌పట్టీ" అని ఒక బటన్ ఉంది. ఎంచుకున్న లాట్ వివరాలు దానికి కావాలి. కొందరు ఏం చేస్తారంటే, లిస్ట్‌వ్యూలో కరెంట్‌ఐటమ్, అంటే ఎంచుకున్న వరుసను పట్టుకుని, దాని లోపల ఉన్న టెక్స్ట్‌లో అక్షరాలు చదువుతారు. ఆ అక్షరాలు "₹ 14,000" అని ఉంటాయి. రూపాయి గుర్తు తీసేసి, కామా తీసేసి, మళ్లీ అంకెగా మార్చి... ఎందుకీ తిప్పలు? అసలు అంకె మోడల్‌లో భద్రంగా ఉంది కదా. ఇంకొందరు ఐటమ్‌అట్‌ఇండెక్స్ అని పిలుస్తారు. అది తెర మీద తయారై ఉన్న వరుసలకే పనికొస్తుంది. 200వ లాట్ అడిగితే నల్, అంటే ఏమీ లేదని ఇస్తుంది. మీ లిస్ట్‌మోడల్ మీద గెట్ అని పిలవండి, బ్రాకెట్లలో కరెంట్‌ఇండెక్స్, అంటే ఎంచుకున్న వరుస ఇండెక్స్ ఇవ్వండి. లాట్ మొత్తం చేతికొస్తుంది. అందులోంచి రేటు, తూకం తీసుకోండి. ముందు కరెంట్‌ఇండెక్స్ మైనస్ ఒకటి ఉందేమో చూడండి. జాబితా ఖాళీగా ఉన్నా, మీరే మైనస్ ఒకటి పెట్టినా అలా ఉంటుంది.

గెట్ బాగుంది కదా అని అన్నిచోట్లా వాడకండి. డాక్యుమెంటేషన్‌లో దాని దగ్గరే హెచ్చరిక ఉంది. గెట్ ఇచ్చిన వస్తువు చెల్లుబాటులో ఉంటుందన్న గ్యారంటీ లేదు, బైండింగ్‌లలో వాడొద్దు అని. బటన్ నొక్కినప్పుడు, అప్పటికప్పుడు గెట్ చేసి చదువుకుని వదిలేస్తే ఇబ్బంది లేదు. దాన్ని ఒక వేరియబుల్‌లో దాచిపెట్టి గంట తర్వాత వాడితే మీ అదృష్టం.

"అయితే మొత్తం బస్తాలు ఎలా చూపించాలి సార్?" మంచి ప్రశ్న, ఎవరో ఒకరు అడుగుతారనుకున్నా. లాట్లు ఎన్ని అన్నది తేలిక, మోడల్‌కు కౌంట్ అనే ప్రాపర్టీ ఉంది, దాన్ని బైండింగ్‌లో హాయిగా పెట్టుకోవచ్చు. మొత్తం బస్తాలకు మాత్రం లెక్క చేసే ఫంక్షన్ ఒకటి రాసుకోండి. లిస్ట్‌మోడల్ పుట్టింది సీ ప్లస్ ప్లస్‌లో ఉన్న క్యూఅబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌మోడల్ నుంచి. కాబట్టి దాని సిగ్నల్స్, అంటే ఏదైనా జరిగినప్పుడు అది పంపే కబుర్లు, అన్నీ దీనికీ ఉంటాయి. ఏదైనా విలువ మారితే డేటాచేంజ్డ్, వరుసలు చేరితే రోస్‌ఇన్‌సర్టెడ్, పోతే రోస్‌రిమూవ్డ్. సిగ్నల్స్ వినడానికి క్యూఎంఎల్‌లో ఉన్న కనెక్షన్స్ పెట్టి, ఆ మూడు సిగ్నల్స్ వచ్చినప్పుడు ఆ ఫంక్షన్‌ను పిలవండి. వచ్చిన మొత్తాన్ని ఒక ప్రాపర్టీలో వేయండి, తెర ఆ ప్రాపర్టీని చూస్తుంది.

ఇప్పుడు రాయడం. డెలిగేట్ లోపలి నుంచి రాయాలంటే చాలా తేలిక. మోడల్ డాట్ రేటు ఈక్వల్ టు కొత్త విలువ. అంతే. లిస్ట్‌మోడల్ దాన్ని తీసుకుంటుంది, డేటాచేంజ్డ్ సిగ్నల్ వస్తుంది, రేటు చూపిస్తున్న ప్రతి చోటా మారుతుంది. ఒక జాగ్రత్త. రిక్వయిర్డ్ ప్రాపర్టీగా రేటును ప్రకటించుకుని, దానికే నేరుగా విలువ రాస్తే మోడల్‌కు చేరుతుందని నమ్ముకోవద్దు. మోడల్‌ను కూడా రిక్వయిర్డ్‌గా తెచ్చుకుని, మోడల్ డాట్ అని స్పష్టంగా రాయండి.

ఎప్పుడు రాయాలి అన్నది ఎలా రాయాలి అన్నదానికంటే ముఖ్యం. టెక్స్ట్‌ఫీల్డ్ అయితే ఆన్‌ఎడిటింగ్‌ఫినిష్డ్‌లో రాయండి. ఎంటర్ కొట్టినా, వేరేచోటికి పోయినా అది వస్తుంది. చెక్‌బాక్స్ అయితే ఆన్‌టాగుల్డ్. స్పిన్‌బాక్స్, అంటే ప్లస్, మైనస్ బటన్లతో అంకె మార్చే పెట్టె అయితే ఆన్‌వాల్యూమాడిఫైడ్. ఆన్‌వాల్యూచేంజ్డ్ కాదు. ఏంటి తేడా? మాడిఫైడ్ అనేది యూజర్ తన చేత్తో మార్చినప్పుడే వస్తుంది. చేంజ్డ్ అనేది ఎవరు మార్చినా వస్తుంది. మీ బైండింగ్ మార్చినా వస్తుంది, వరుస పుట్టినప్పుడు కూడా వస్తుంది.

అది ఎంత ప్రమాదమో చెప్తా. స్పిన్‌బాక్స్‌కు గరిష్ఠ విలువ మీరు చెప్పకపోతే ఎంతుంటుంది? 99. ఎవరికైనా తెలుసా? తెలియదు. రేటు 14,000 ఉన్న లాట్‌ను స్పిన్‌బాక్స్‌లో చూపించారు, గరిష్ఠం చెప్పడం మరిచారు. అది 14,000ను 99కి కుదించేస్తుంది. కుదించింది కాబట్టి విలువ మారింది. విలువ మారింది కాబట్టి ఆన్‌వాల్యూచేంజ్డ్. అక్కడ మీరు మోడల్ డాట్ రేటు ఈక్వల్ టు వాల్యూ అని రాసి ఉన్నారు. క్వింటాల్ మిర్చి 99 రూపాయలు! ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. ఊరికే స్క్రోల్ చేశారు. స్క్రోల్ చేసిన కొద్దీ రేట్లు పడిపోతుంటాయి. మాడిఫైడ్ వాడి ఉంటే తెర మీద 99 కనబడేది, తప్పే, కానీ డేటా పాడయ్యేది కాదు.

ఇక బైండింగ్ తెంపడం. రేటు లేబుల్ ఉంది, దాని టెక్స్ట్ మోడల్‌తో ముడిపడి ఉంది. బటన్ నొక్కితే లేబుల్ డాట్ టెక్స్ట్ ఈక్వల్ టు 15,000 అని జావాస్క్రిప్ట్‌లో రాశారు. ఆ క్షణంలో ముడి తెగింది. తెర మీద 15,000 ఉంటుంది, మోడల్‌లో 14,000 ఉంటుంది. తక్‌పట్టీ మోడల్‌లోంచి చదువుతుంది. రైతుకు చూపించిన రేటు ఒకటి, చీటీ మీద రేటు ఇంకోటి. యార్డులో ఆ రెండూ వేరుగా ఉంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

బయటి నుంచి రాయడానికి రెండు దారులు. సెట్‌ప్రాపర్టీ అనేది ఒక వరుసలో ఒక రోల్‌ను మారుస్తుంది. ఎన్నో వరుస, ఏ రోల్, కొత్త విలువ, ఈ మూడూ ఇవ్వాలి. సెట్ అనేది ఒకే వరుసలో ఒకేసారి చాలా రోల్స్ మారుస్తుంది. మీరు ఇవ్వని రోల్స్ అలాగే ఉంటాయి, చెరిగిపోవు, భయం లేదు. కానీ సెట్‌కు ఇచ్చిన ఇండెక్స్ సరిగ్గా కౌంట్‌కు సమానమైతే, అది ఎర్రర్ ఇవ్వదు, చివర్లో కొత్త వరుస చేర్చేస్తుంది. లెక్కలో ఒకటి తప్పితే ఊరూ పేరూ లేని లాట్ ఒకటి జాబితా అడుగున కూర్చుంటుంది.

తీసేయడం రిమూవ్‌తో. అమ్ముడైన లాట్లన్నీ తీసేయాలి, సున్నా నుంచి లూప్ రాశారు. మూడో వరుస తీయగానే నాలుగోది మూడో స్థానానికి వచ్చింది, మీ లూప్ నాలుగుకు పోయింది. ఒకటి దాటిపోయింది. చివరి నుంచి మొదటికి రండి, ఈ గోల ఉండదు. ఇదే కారణంతో ఇండెక్స్‌ను గుర్తింపుగా వాడకండి. రేటు మార్చే డైలాగ్ తెరిచారు, ఇండెక్స్ 5 దాచుకున్నారు. డైలాగ్ తెరిచి ఉండగానే పైన ఒక లాట్ పోయింది. ఇప్పుడు 5 ఎవరిది? ఇంకొకరిది. లాట్ నంబర్‌ను ఒక రోల్‌గా పెట్టి, రాసే ముందు దాంతో వెతుక్కోండి. 300 వరుసలు వెతకడం కంప్యూటర్‌కు లెక్కే కాదు.

ఇంకో అలవాటు, సర్వర్ నుంచి కొత్త రేట్లు రాగానే క్లియర్ కొట్టి అంతా మళ్లీ అపెండ్ చేయడం, అంటే ఖాళీ చేసి మళ్లీ ఒక్కొక్కటీ చివర్లో చేర్చడం. పని చేస్తుంది. కానీ యూజర్ 120వ లాట్ చూస్తుంటే మొదటికి విసిరేస్తుంది, టైప్ చేస్తున్నది పోతుంది. మారిన వరుసలకే సెట్‌ప్రాపర్టీ చేయండి.

వెబ్ నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. లిస్ట్‌మోడల్ బదులు మామూలు జావాస్క్రిప్ట్ అరేను మోడల్‌గా ఇవ్వొచ్చు. చూపించడానికి బాగానే ఉంటుంది. అందులో పుష్ చేస్తే తెరకు తెలియదు. మొత్తం అరేను మళ్లీ అప్పగించాలి, అప్పుడు వరుసలన్నీ మళ్లీ పుడతాయి. డెలిగేట్ నుంచి దానిలోకి రాయడం కూడా ఉండదు. మారని జాబితాకు అరే చాలు, జిల్లాల పేర్లు లాంటివి. యార్డు లాంటిదానికి వద్దు.

సీ ప్లస్ ప్లస్ మోడల్ గురించి రేపటి సెషన్‌లో వివరంగా ఉంది, ఒక్కటి చెప్పి వదిలేస్తా. డెలిగేట్‌లో రాసే మోడల్ డాట్ రేటు అక్కడా అలాగే రాస్తారు. కానీ అక్కడ విలువ మార్చే సెట్‌డేటా ఫంక్షన్ మీరు రాయాలి, రాయకపోతే మోడల్ చదవడానికే పనికొస్తుంది. రాసి, లోపల విలువ మార్చి, ట్రూ ఇచ్చి, డేటాచేంజ్డ్ సిగ్నల్ పంపడం మరిస్తే లోపల మారుతుంది, తెర కదలదు. రోల్‌నేమ్స్ ఫంక్షన్ రాయకపోతే మీ రోల్ పేర్లు క్యూఎంఎల్‌కు తెలియనే తెలియవు.

ఆ... అడగండమ్మా. యాప్ మూసి తెరిస్తే లాట్లు ఉంటాయా? ఉండవు. లిస్ట్‌మోడల్ అంతా మెమరీలోనే. కరెంటు పోతే పొద్దంతా రాసింది పోతుంది. క్యూఎంఎల్‌లోనే లోకల్‌స్టోరేజ్ అని ఒక మాడ్యూల్ ఉంది, వెనక ఎస్‌క్యూలైట్ డేటాబేస్. ఇందాక చెప్పిన డేటాచేంజ్డ్ సిగ్నల్ దగ్గరే దానిలోకి రాసుకోవచ్చు. సిగ్నల్ మారిన వరుస ఏదో కూడా చెప్తుంది, కాబట్టి ఆ ఒక్క వరుసే రాయొచ్చు. రాసేది లాట్ నంబర్ మీద, ఇండెక్స్ మీద కాదు.

సరే, ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఒక జాబితా రాయండి, 50 లాట్లు లూప్‌తో అపెండ్ చేయండి. రేటు సున్నా, కాంటా ఫాల్స్. స్పిన్‌బాక్స్ పెట్టండి, గరిష్ఠం ఇవ్వండి. మూడో లాట్‌కు టిక్ పెట్టి అడుగుదాకా పోయి తిరిగి రండి. తర్వాత రీయూజ్‌ఐటమ్స్ ఆన్ చేసి అదే మళ్లీ చేయండి. రెండుసార్లూ టిక్ మూడో లాట్ మీదే ఉంటే నన్ను పిలవండి, డేటాబేస్ భాగం మొదలుపెడదాం. ప్లగ్ పాయింట్లు కిటికీల వైపు ఉన్నాయి.